పత్తి మంట ఆరినట్టే కనిపిస్తుంది

అక్టోబరు వచ్చిందంటే ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లుల ముందు పత్తి బండ్లు బారులు తీరుతాయి. మిల్లులో హమాలీగానో, మెషిన్ దగ్గరో కొత్తగా చేరేవాళ్లు కూలి ఎంతో అడుగుతారు, షిఫ్టు ఏదో అడుగుతారు. నీళ్ల పైపు ఎక్కడుంది, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, వెనక గేటుకు తాళం వేస్తారా అని అడిగేవాళ్లు అరుదు. చేరిన మొదటి రోజే అడగండి. బయటికి పోయే దారి కూలోళ్లకు తెలిసుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మొహమాటపడే పనే లేదు.

బీడీతో ప్రమాదమని అందరికీ తెలుసు. తెలియనిది రాయి సంగతి. పత్తిలో కలిసొచ్చిన చిన్న రాయో, ఇనుప ముక్కో రోలర్లలో పడితే నిప్పురవ్వ లేస్తుంది. గ్రీజు లేక కాలిపోతున్న బేరింగు చాలు, దూది అంటుకోవడానికి. గాలి గొట్టంలో దూదితో పాటు ఆ రవ్వ కూడా కొట్టుకుపోయి అవతలి కుప్పలో పడుతుంది. నిప్పు పుట్టింది ఒకచోట, మంట లేచేది మరోచోట. కాబట్టి కమురు వాసన వస్తే మంట కనబడకపోయినా మెషిన్, ఫ్యాన్ రెండూ ఆపించండి. సేటు కోప్పడితే పడనీ.

మన దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది: బకెట్లతో కొట్టి కొట్టి, ఇక మన వల్ల కాదనుకున్నాక ఫైరింజన్‌కు ఫోన్ చేస్తాం. ఒకరు ఆర్పుతుంటే ఇంకొకరు అదే నిమిషంలో 101కు చెయ్యాలి. అది కలవకుంటే 112. మిల్లు పేరొక్కటే చెబితే సరిపోదు. ఏ రోడ్డు, ఏ గేటు, కాలుతున్నది విడి పత్తా, బేళ్లా, లోపల మనుషులున్నారా అన్నవి చెప్పండి. ఇంకొకరు గేటు దగ్గరికి పరుగెత్తి బండ్లను పక్కకు తీయించాలి. సీజన్‌లో ఫైరింజన్‌కు అడ్డం పడేది ఆ బండ్ల వరుసే.

అసలు కష్టం మంట ఆరాక మొదలవుతుంది. బిగించి కట్టిన బేలులోకి నీళ్లు దిగవు. పైన తడిసి నల్లబడ్డా లోపల నిప్పు గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడలో పత్తి బేళ్లున్న అర నుంచి మధ్యాహ్నం పొగ లేచింది. ఎన్ని నీళ్లు పోసినా లొంగలేదు. అదే ఓడలో పేలుడు సామగ్రి కూడా ఉంది. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలిపోయింది. చనిపోయిన వందల మందిలో అగ్నిమాపక సిబ్బందే 66 మంది. సముద్రం ఎరుగని ఆదిలాబాద్ ఫైర్ స్టేషన్‌లోనూ ఏటా ఏప్రిల్ 14న మొదలయ్యే వారోత్సవాలు వాళ్ల స్మరణకే. కాబట్టి తడిసిన బేలును మంచి సరుకు పక్కకు చేర్చొద్దు. ఆరుబయటికి లాగించి, పట్టీలు తెంపి, విప్పి తడపాలి. ఆ పని ఫైర్‌వాళ్ల ముందే జరగాలి. పొగ నిండిన గోదాములోకి సరుకు కోసం వెళ్లకండి. ఆ పొగకు సోయి తప్పుతుంది. రాత్రి షిఫ్టులో మెత్తగా ఉందని పత్తి కుప్ప మీద నిద్రపోవడమైతే అసలే వద్దు.

డ్రైవర్లకో మాట. ఎత్తుగా నింపిన బండి కరెంటు తీగకు తగిలితే కిందికి దిగకుండా క్యాబిన్‌లోనే ఉండండి. తీగను విడిపించుకుని ముందుకు పోగలిగితే పోనివ్వండి. బండి అంటుకుని దిగక తప్పకపోతే రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకండి. ఒక చేయి బండిపై, ఒక కాలు నేలపై ఉండకూడదు.

ఒంటికి నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు చల్లని నీళ్లు పోసి ఆసుపత్రికి పోవాలి. సిరా, పేస్టు పూయొద్దు.

ఇక కాగితాలు. కాంట్రాక్టరు కింద పనిచేసినా హాజరు పుస్తకంలో మీ పేరుందో లేదో చూసుకుని ఫోటో తీసి ఉంచుకోండి. గాయపడితే పరిహారం అడగడానికి అదే ఆధారం. సరుకు కాలిన రైతు తక్‌పట్టీ (తూకం చీటీ) పారేయకుండా దాచుకుని, ఫైర్ స్టేషన్‌లో రిపోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి.