ఇంజను ఆయిలు మూత

నిరుడు నా కారునకు ఆయిలు మార్చినవారు ఇంజనుపై మూత బిగించుట మఱచిరి. కుందలహళ్ళి గేటు చేరునప్పటికి బానెట్ సందులనుండి పొగ వెడలెను. దిగి చూడగా ఇంజను పైభాగమంతయు ఆయిలు చిమ్మియుండెను. కాలుచున్న పొగగొట్టముపై బడిన ఆయిలు నిప్పంటుకొనకపోవుట నా యదృష్టము. అరచేతిలో నిముడు మూత యింత పని చేయునా?

ఇంజను తిరుగునపుడు లోపలి భాగములు ఆయిలును ఎగజిమ్ముచుండును. మూత దానిని లోపల నిలిపి, దుమ్మును వెలుపలనే ఆపును. పూర్వపు కార్లు కొన్నింట ఈ మూతకు తీగజల్లెడ యుండి, లోపలి వాయువులు దానిగుండా వెడలెడివి. నేటి కార్లలో ఆ వాయువులు గొట్టముద్వారా మరల ఇంజనులోనికే పోవును. కావున మూత వదులైనచో లెక్కకు రాని గాలి చొరబడి, పెక్కు ఇంజనులు నిలకడగా తిరుగవు.

మూత అడుగున మీగడవంటి తెల్లని పూత కనబడినచో వెంటనే బెదరవలదు. కుందలహళ్ళినుండి బ్రూక్‌ఫీల్డు దాక పోయి మరలు కారులో ఆయిలు చాలినంత కాగదు. లోపలి తేమ చల్లని మూతకు పట్టి, ఆయిలుతో కలిసి చిక్కనగును. చలికాలమున ఇది మెండు. తుడిచి, ఒకనాడు హొసకోట దాక నడిపిన తఱచు పోవును. కాని కూలెంటు తగ్గుచున్నను, డిప్‌స్టిక్కుపై సైత మా పూతయే యున్నను, హెడ్ గాస్కెట్ చెడి ఆయిలులో కూలెంటు కలియుచున్నదేమో యని శంకింపవలెను. అప్పుడు కొత్త మూత వలన ప్రయోజనము లేదు. బండి నడుపక మెకానిక్కును పిలువవలెను.

మూత చుట్టును ఆయిలు చెమర్చుచున్నచో సాధారణముగా దోషము రబ్బరు రింగుది. వేడికి అది గట్టిపడి బీటలువాఱును. అయితే చెమ్మ మూతనుండియా, దాని క్రింది కవరు అంచునుండియా యని, తుడిచి రెండునాళ్లు చూచి తెలిసికొనవలెను.

పెద్దల యనుమతితో, ఇంజను ఆపి చల్లాఱిన పిదపనే మూత తీయుడు. ముందుగా చుట్టునున్న మట్టి తుడువుడు. లేకున్న నది లోపల పడును. కొత్త రింగునకు కొంచెము ఆయిలు రాచి, చేతితోనే బిగింపుడు. పటకారు వాడిన ప్లాస్టిక్కు పగులును. రింగు విడిగా దొరకనిచో మూతయే మార్చవలెను. జె.సి. రోడ్డు అంగళ్లకు పోవునపుడు పాతదానిని వెంట గొనిపొండు. కన్నడమున దానిని ‘ముచ్చళ’ యందురు. మన మూతకు తోబుట్టువే గదా! కారు పేరుతోబాటు ఇంజను రకమును, తయారైన సంవత్సరమును చెప్పుడు. ఒకే విధముగ గనబడు మూతలు పంటిలో తేడాగా నుండును.

బానెట్ దించుటకు ముందు మూతపై చేయి వేసి చూచుట నాకిప్పుడలవాటైనది.