మందు డ్రమ్మును బోరు కాడి నుంచి జరపండి

మృగశిర ఎండల్లోనే పోయింది. ఆరుద్ర చివర్లో రెండు రోజులు ఒక్కసారిగా కుమ్మరించింది. అప్పటి నుంచి మేడ్చల్, శామీర్‌పేట రైతులు పంటల కన్నా నీళ్ల గురించే ఎక్కువ అడుగుతున్నారు. బోరు నీళ్లు ఎర్రగా వస్తున్నాయని, బాయి నీళ్లు వాసన కొడుతున్నాయని, పిల్లలకు విరేచనాలని. అందుకే ఈసారి పంటలకు తలా ఒక మాట, మిగతాదంతా తాగే నీటికే.

మన దగ్గర పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు బండ. నీళ్లుండేది బండ పగుళ్లలో. ఇసుక నేలలో నీరు వడకట్టుకుంటూ దిగుతుంది, బండ పగులులో ఆ వడపోత లేదు. కేసింగ్ పైపును బండ తగిలేదాకే దించుతారు. దాని చుట్టూ సందు వదిలేస్తే వాన నీటికి అదే దొడ్డిదారి. వేసవిలో అడుగంటిన బోరుకు మొదటి వానతో చేరేది ఎండాకాలమంతా పైన పేరుకున్న పేడ, ఎరువు, మందుల కడుగే.

శామీర్‌పేట దగ్గర ఒక టమాట తోటలో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. బోరు పక్కనే 200 లీటర్ల నీలం డ్రమ్ము. మందు ముందే పోసి, మోటారు పైపు చివరను డ్రమ్ములో ముంచి పెట్టారు. సగం నిండేసరికి కరెంటు పోయింది. పైపులోని నీళ్లు వెనక్కి బోరులోకి జారుతూ డ్రమ్ములోని మందు నీళ్లనూ లాక్కుపోయాయి. చూస్తుండగానే జానెడు మట్టం దిగింది. "డ్రమ్ము కారుతున్నట్టుంది సార్" అన్నాడు రైతు. "కారడం కాదు కాకా, మీ బోరు తాగింది" అన్నాను. నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ ఎప్పుడో అరిగిపోయింది. ఇంట్లో అన్నం వండేదీ ఆ బోరు నీళ్లతోనే. ఆ పూట నుంచే తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడమన్నాను. బోరు నీళ్లను పశువులకు కూడా పెట్టకుండా బీడులోకి తోడి, పరీక్షకు పంపించమన్నాను.

కాబట్టి మందు కలిపే చోటు బోరుకు, బావికి కనీసం 15 మీటర్లు, అంటే 50 అడుగుల దూరంలో, పల్లపు వైపున ఉండాలి. పైపు చివరకు, డ్రమ్ములో నీటి మట్టానికి మధ్య ఎప్పుడూ జానెడు ఎడం ఉంచండి. డ్రిప్పులో వెంచురీతో ఎరువు పంపేవారు నాన్ రిటర్న్ వాల్వ్ లేకుండా మోటారు వేయొద్దు. పంపు కడిగిన నీళ్లను మందు కొట్టిన చేలోనే చల్లండి. ఖాళీ డబ్బాలను బాయిలో ముంచి కడగడం ఇంకా మానలేదంటే ఏమనాలి?

పెంటకుప్ప, పశువుల కొట్టం, మరుగుదొడ్డి గుంతకూ అదే 50 అడుగుల లెక్క. ఇప్పుడు చేల మధ్య ఫాంహౌస్‌లు లేచాయి. పక్కవాడి సెప్టిక్ ట్యాంకు మీ బోరుకు ఎంత దూరమో కొలిచి చూడండి. సెప్టిక్ ట్యాంకరు వాడు "ఎరువే కదా" అని మీ చేలో వదులుతానంటే ఒప్పుకోకండి. కోళ్ల ఫారాలవాళ్లు చచ్చిన కోళ్లను ఎండిన బాయిలో వేయడం ఆపాలి. ఎండిన బాయి అడుగు నుంచి పక్క బోరుకు దారి ఉంటుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు ఫ్యాక్టరీల వ్యర్థాలతో చెడిపోయి, వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. మన బోర్లను మనమే చెడగొట్టుకుంటే ఏ కోర్టుకు పోతాం?

ఇక అమ్మేవాళ్ల సంగతి. వాన పడగానే ఇంటింటికీ తిరుగుతున్నారు. రెండు ఇనుప కమ్ములున్న పరికరాన్ని ప్లగ్గులో పెట్టి, మీ గ్లాసు నీళ్లలో ముంచుతారు. నిమిషంలో నీళ్లు తుప్పు రంగుకు మారతాయి. "చూశారా విషం" అంటారు. ఆ రంగు మీ నీటిది కాదు, కరెంటుకు కరిగిన ఆ ఇనుప కమ్మిది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు కనుక వాళ్ల నీళ్లు తేటగా ఉంటాయి. టీడీఎస్ మీటరుదీ అంతే, కరిగిన లవణాలు ఎంతున్నాయో చెబుతుంది తప్ప క్రిములను, పురుగుమందును చూడలేదు. నైట్రేటు, ఫ్లోరైడు హద్దు దాటాయని పరీక్షలో తేలితే ఆర్వో మిషను పనికొస్తుంది. అది కూడా బకెట్ మంచినీళ్లకు రెండు మూడు బకెట్లు పారబోస్తుంది. పరీక్ష కాగితం లేకుండా మిషను కొనకండి.

చేదబావి ఉన్నవారు బ్లీచింగ్ పౌడరును గుప్పెళ్లతో చల్లకండి. బావి వెడల్పును అడుగుల్లో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో, ఆపైన 22తో హెచ్చిస్తే సుమారు లీటర్లు వస్తాయి. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల నీళ్లుంటే 33,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన 83 గ్రాములు చాలు. బకెట్లో ముందు ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగండి. అడుగున సున్నం పేరుకుంటుంది. దాన్ని వదిలేసి పై తేటనే మరో బకెట్లోకి వంచి, బాయిలోకి దించి బాగా కలియదిప్పండి. కనీసం గంట ఆగాలి. రాత్రి వేసి పొద్దున తోడుకుంటే ఇంకా మేలు. బురద నీటిలో క్లోరిన్ పనిచేయకముందే ఖర్చయిపోతుంది, కనుక తేరుకున్నాకే వేయండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో ఘాటు ఉండదు, బలమూ ఉండదు. ఇంకో మాట, క్లోరిన్ క్రిములనే చంపుతుంది. పురుగుమందును తీసేయదు.

మరిగిస్తే అన్నీ పోతాయనుకోవడమూ పొరపాటే. నైట్రేటు పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. 45 కిలోల యూరియా బస్తాలోని నత్రజని అంతా నైట్రేటుగా మారి కిందికి దిగితే 20 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. పైరు తీసుకోగలిగినంతే, రెండు మూడు దఫాలుగా వేయండి. ఆరు నెలల లోపు పసిపిల్లల పాలలో పరీక్ష చేయించని బోరు నీళ్లు కలపకండి.

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, వానల తర్వాత నీటి పరీక్ష చేయించండి. క్రిముల పరీక్షకు ప్రయోగశాల వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి అదే రోజు చేర్చాలి. కూల్‌డ్రింకు సీసాలో తెచ్చిన నీటి ఫలితం ఎందుకూ కొరగాదు.

ఇక పంటల సంగతి: టమాటలో ఆకుముడత వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయదు, పీకి కాల్చండి. మూడు మందులు కలిపి కొట్టమనే దుకాణదారుకు మీ చేను కాదు, తన సరుకే ముఖ్యం. మొక్కజొన్నలో కత్తెర పురుగు కనిపిస్తే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు, సుడిలో పడేలా కొట్టండి. వరి నారుమడిలో నీరు నిలవనీయకండి. పశువులకు గొంతువాపు టీకా వేయించనివారు ఈ వారమే వేయించాలి.

బోరు చుట్టూ సిమెంటు గద్దె వేసుకోవాలంటే కొంత ఖర్చవుతుంది, అది పంట చేతికొచ్చాక వేసుకోవచ్చు. డ్రమ్మును 50 అడుగులు జరపడానికి పైసా ఖర్చు లేదు. ఈ పూటే జరపండి.