ముసురు రోజున అలంపురం, గద్వాల: తొమ్మిది చిట్కాలు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలను మా వైపు నడిగడ్డ అంటారు. రెండు పక్కలా నదులే, పైనుంచి వాన మాత్రం పిసినారి. అలాంటి చోట ముసురు పట్టిందంటే ఇంట్లో కూచుని కిటికీలోంచి చూడటం దండగ. ఎండాకాలంలో అరికాలు మోపలేని గుడి రాళ్ల మీద ఆ రోజు చల్లగా నడవొచ్చు. తలదాచుకునే చోటు, వేడివేడిగా తినే చోటు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసుకుంటే సరి.

1. రెండూళ్లు చాలు. పొద్దున అలంపురం, మధ్యాహ్నం గద్వాల. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారిలో వచ్చేవాళ్లకు దారిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కూడా చూడాలనిపిస్తుంది. దాన్ని ఎండ కాసే రోజుకు దాచుకోండి. మర్రినీడ విలువ అప్పుడే తెలుస్తుంది. వానలో మూడో ఊరు కలిపితే రోజంతా కారు వైపర్లు చూడటమే అవుతుంది.

2. చెప్పుల సంగతి ముందే తేల్చుకోండి. ఇక్కడ చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే బంకలా పట్టుకుని అడుగడుగుకూ చెప్పు బరువెక్కుతుంది. అడుగు అరిగిన రబ్బరు చెప్పులతో వెళ్లి నేనొకసారి గుడి బయటే కూలబడ్డాను. వెనక పట్టీ ఉండి, అడుగున గీతలున్నవి వేసుకోండి. అంటుకున్న మట్టిని తడిగా ఉన్నప్పుడే పుల్లతో గీకేయాలి. ఎండితే రాయే.

3. గుళ్లోకి వెళ్లేముందు సాక్సులు కూడా తీసేయండి. తడిసిన సాక్సు నున్నటి రాతి మీద జారుతుంది, ఉత్త పాదం నయం. పాచి పట్టి నల్లగా మెరిసే రాయి మీద కాలు పెట్టొద్దు. మనిషికో పాత తువ్వాలు సంచిలో వేసుకోండి. విడిచిన చెప్పులు బోర్లించి పెడితే తిరిగొచ్చేసరికి నీళ్లు నిండవు.

4. అలంపురంలోని తొమ్మిది నవబ్రహ్మ గుళ్లూ చుట్టేయాలని పరుగులు పెట్టకండి. ఇవి 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల కట్టడాలు. నవబ్రహ్మలని పేరేగానీ లోపల ఉన్నది శివుడే. తారక బ్రహ్మ తప్ప మిగతావన్నీ ఉత్తరాది పద్ధతి శిఖరాలు. తల మీద ఉసిరికాయలా గీతలు తేలిన గుండ్రటి రాయి కనిపిస్తుంది, దాని పేరూ ఆమలకమే. వాన కాస్త తెరిపివ్వగానే స్వర్గ బ్రహ్మ గోడల దగ్గరికి వెళ్లండి. తడిసిన రాయి రంగు తేరి, ఎండలో కంటికి ఆనని నగల గీతలు కూడా తేటగా కనిపిస్తాయి.

5. జల్లు పెరిగితే మ్యూజియంలోకి నడవండి. గుళ్ల పక్కనే ఉంది. శిల్పాలు, శాసనాలు చూస్తూ గంట గడిచిపోతుంది. సెలవు రోజేదో ముందే కనుక్కోండి. వాన తగ్గాక సంగమేశ్వరాలయం చూడండి. అది పుట్టింది కూడవెల్లిలో, రెండు నదులు కలిసేచోట. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాళ్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు.

6. టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జి అడగండి. ఇంటికెళ్లి చేసుకోవాలంటే ఒక్కటే కిటుకు: బొరుగులు నీళ్లలో మునిగి మెత్తబడగానే పిండి తీసేయాలి. ఇంకో నిమిషం ఉంచితే ముద్ద. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో కలిపి, పుట్నాల పొడి దించేముందు చల్లండి. ముందే వేస్తే తడి పీల్చి ఉండలు కడుతుంది.

7. ఆకాశాన్ని చూసి నదిని అంచనా వేయకండి. పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిస్తే ఇక్కడ చినుకు లేకపోయినా కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు గేట్లు లేస్తాయి. 2009 అక్టోబరు వరదలో అలంపురం గుళ్లలోకే నీళ్లొచ్చాయి. ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు ఘాట్ మెట్లు దిగొద్దు. దణ్ణం పైనుంచి పెట్టినా చెల్లుతుంది.

8. గద్వాలలో చీరల కొట్టు ముందు, చేపల బండి తర్వాత. వరస మారితే నూనె చేతులు పట్టు అంచుకు తగులుతాయి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట తిరగేసి వేలితో తడమండి, పోగులు ఒకదానికొకటి కొలికిపడిన జాడ తగులుతుంది. మబ్బు రోజున ట్యూబులైటు కింద రంగు నమ్మొద్దు, గుమ్మం దాకా తెచ్చి చూడండి. తడి గొడుగు బయటే వదిలేయండి. ఆ తర్వాత జూరాల దారి పట్టి వేయించిన చేప తినండి. కిలో లెక్కా, ముక్క లెక్కా ముందే అడగండి. పిల్లలకైతే కొరమీను, ముళ్లు తక్కువ.

9. ఇంటికి రాగానే నడుం వాల్చకండి. కొత్త చీర ప్లాస్టిక్ కవరులో ఉండిపోతే చెమ్మకు జరీ నల్లబడుతుంది. తీసి ఫ్యాను కింద నీడన పరవండి. గొడుగు విప్పి వసారాలో పెట్టండి. తడి బూట్లలో పాత దినపత్రికలు ఉండచుట్టి కుక్కండి. ఉగ్గానికని కొనుక్కొచ్చిన బొరుగులు మాత్రం ఆ రాత్రే గట్టి మూత ఉన్న డబ్బాలో పోయండి. ముసురు ఇంకా విడవలేదు, తెల్లారేసరికి మెత్తబడిపోతాయి.