పాఠం 14: పౌరుష గ్రంథి పరీక్ష – లాభనష్టాల తూకం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పి.ఎస్.ఏ. పరీక్ష ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో వివరించగలుగుతారు.
• పరీక్ష, చికిత్సల లాభనష్టాలను పోల్చగలుగుతారు.
• వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు తయారుచేసుకోగలుగుతారు.

14.1 ఒక సందర్భం

ఢిల్లీలోని అశోకా రోడ్డు అక్కడి తెలుగువారికి బాగా తెలిసిన చోటు. ఆంధ్రప్రదేశ్ భవన్ ఉన్నది ఆ రోడ్డులోనే. ఆ దగ్గరలో ఉద్యోగం చేస్తున్న అన్న కొడుకు ఇంటికి 62 సంవత్సరాల రైతు ఒకాయన వచ్చాడనుకోండి. ఆయనకు ఏ బాధా లేదు. వారి మాటలు గమనించండి.

"బాబాయ్, వచ్చినవాడివి వచ్చావు, రక్తపరీక్షలన్నీ చేయిద్దాం. అందులో ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్ష కూడా ఉంది."
"రక్తం ఇవ్వడానికేముందిరా! ఎక్కువ ఉందంటే ఆ తరువాత ఏం చేస్తారో కనుక్కున్నావా?"

బాబాయి అడిగిన ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

14.2 పరీక్ష అంటే ఏమిటి?

పౌరుష గ్రంథి పురుషులకు మాత్రమే ఉంటుంది. దీనినే ప్రోస్టేట్ అంటారు. ఇది మూత్రాశయం కింద, మూత్రం బయటికి వచ్చే గొట్టం చుట్టూ ఉంటుంది. ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీను పేరు పి.ఎస్.ఏ. అది రక్తంలో ఎంత ఉందో ఈ పరీక్షలో కొలుస్తారు.

క్యాన్సర్ ఉంటే పి.ఎస్.ఏ. పెరగవచ్చు. అయితే వయసుతో గ్రంథి ఉబ్బినా, దానికి ఇన్‌ఫెక్షన్ సోకినా కూడా పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. తక్కువ వచ్చినంత మాత్రాన లేదని పూర్తి హామీ కూడా లేదు.

ఎక్కువ వస్తే పరీక్ష మళ్ళీ చేస్తారు. అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఆ తరువాత సూదితో గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తారు. దీనిని బయాప్సీ అంటారు. దీనివల్ల నొప్పి, రక్తస్రావం, కొందరికి ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

14.3 లాభం ఎంత?

ఐరోపాలో 1990లలో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో 55–69 సంవత్సరాల పురుషులు సుమారు 1,62,000 మంది ఉన్నారు. 2025లో వెలువడిన 23 సంవత్సరాల ఫలితాలు ఇవి:

• పరీక్షకు పిలవని ప్రతి 1,000 మందిలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు సుమారు 16 మంది.
• పరీక్షకు పిలిచిన ప్రతి 1,000 మందిలో చనిపోయినవారు సుమారు 14 మంది.

అంటే ప్రాణాలు దక్కిన మాట నిజమే. కాని ఒక్క మరణాన్ని తప్పించడానికి అదనంగా 12 మందిలో క్యాన్సర్ కనుక్కోవలసి వచ్చింది. ఈ క్యాన్సర్లలో చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. కనుక్కోకపోయినా కొందరికి జీవితాంతం వాటివల్ల ఏ హానీ జరిగి ఉండేది కాదు.

పాఠ్యగత ప్రశ్నలు

1. క్యాన్సర్ లేకపోయినా పి.ఎస్.ఏ. పెరగడానికి రెండు కారణాలు రాయండి.
2. ఒక మరణాన్ని తప్పించడానికి అదనంగా ఎంతమందిలో క్యాన్సర్ కనుక్కోవలసి వచ్చింది?

14.4 చికిత్స సంగతి

క్యాన్సర్ గ్రంథి దాటి పోకపోతే మూడు మార్గాలున్నాయి: శస్త్రచికిత్స, రేడియేషన్, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టుకుని ఉండడం. బ్రిటన్‌లో 1,643 మందిని ఈ మూడు మార్గాలలో ఉంచి 15 సంవత్సరాలు గమనించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ఏ మార్గంలోనైనా 100 మందిలో సుమారు 97 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోలేదు.

అయితే కనిపెట్టుకుని ఉన్నవారిలో 100కు సుమారు 9 మందికి వ్యాధి ఇతర భాగాలకు పాకింది. చికిత్సకు కేటాయించినవారిలో ఇది సుమారు 5. కనిపెట్టుకుని ఉన్నవారిలో సగానికి పైగా తరువాత చికిత్స తీసుకున్నారు.

శస్త్రచికిత్స తరువాత మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన తగ్గడం వంటి ఇబ్బందులు రావచ్చు. రేడియేషన్ వల్ల మలవిసర్జన ఇబ్బందులు కూడా కలగవచ్చు. ఇవి చెప్పుకోవడానికి సిగ్గుపడే విషయాలే. అందుకే చాలామంది ముందుగా అడగరు, తరువాత బాధపడతారు. భార్యాభర్తలిద్దరూ కలిసి వైద్యుని దగ్గరకు వెళ్ళడం మంచిది.

14.5 నిర్ణయం తీసుకోవడం

పరీక్షకు ముందే వైద్యుణ్ణి ఇవి అడగండి:
• నా వయసుకు, నాకున్న ఇతర జబ్బులకు ఈ పరీక్ష వల్ల ఉపయోగం ఉందా?
• నా తండ్రికో, అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చింది. దానివల్ల నాకు ముప్పు పెరుగుతుందా?
• ఎక్కువ వస్తే తరువాత మెట్టు ఏమిటి? ఖర్చెంత?
• క్యాన్సర్ తేలితే వెంటనే చికిత్స అవసరమా, ఆగి చూడవచ్చా?

ఒకరు ఏ చిన్న ముప్పూ వద్దని పరీక్ష చేయించుకోవచ్చు. మరొకరు ఇప్పటి ఆరోగ్యం చాలని వద్దనుకోవచ్చు. విషయం తెలుసుకుని చేస్తే రెండూ సరైన నిర్ణయాలే.

గమనిక: పైన చెప్పిన తూకం ఏ బాధా లేనివారి గురించి మాత్రమే. మూత్రం ధార సన్నగిల్లినా, మూత్రంలో రక్తం కనిపించినా, నడుము ఎముకల నొప్పి విడవకుండా ఉన్నా వెంటనే వైద్యుణ్ణి కలవాలి. మన దేశంలో చాలామంది వ్యాధి ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు.

కృత్యం

మీ ఇంట్లో 55 సంవత్సరాలు దాటిన పురుషునికి 14.5లోని ప్రశ్నలు చదివి వినిపించండి. ఆయన దేనికి ఎక్కువ విలువ ఇస్తారో అడిగి, ఐదు వాక్యాలలో రాయండి.

జవాబులు

1. వయసుతో గ్రంథి ఉబ్బడం, ఇన్‌ఫెక్షన్ సోకడం.
2. 12 మందిలో.