‘ఎందుకు’ అంటే ఎదురు చెప్పినట్టా?

సమస్య

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఒక సరుకుల గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఉల్లి, బంగాళాదుంప, పప్పులు చెన్నై నుంచి ఓడలో వస్తాయి. ప్రతిసారీ కొన్ని ఉల్లి బస్తాలు కుళ్లిపోతున్నాయి. అడిగితే అందరిదీ ఒకటే మాట: ‘ఓడ ఆలస్యమైంది.’ మొన్న ఓడ వేళకే వచ్చింది. అయినా కుళ్లాయి. గోడవార, నేలమీద ఉన్న బస్తాలే ఎక్కువ పాడవుతున్నట్టు నాకు అనిపించి, మీటింగ్‌లో చెప్పాను. ‘ఇరవై ఏళ్లుగా ఇలాగే పేరుస్తున్నాం, నువ్వొచ్చి నేర్పుతావా?’ అన్నారు మేనేజర్ గారు. అప్పటినుంచి నాతో ముభావంగా ఉంటున్నారు.

నా కింద పదకొండు మంది. తెలుగువాళ్లు, తమిళులు, బెంగాలీలు, రాంచీవాళ్లు. ఏం చెప్పినా ‘హా జీ’ అని తలూపుతారు, సొంతంగా ఆలోచించరు. మొన్న కొత్త కుర్రాడొకడు, ‘పాత స్టాకు వెనకబడిపోతోందన్నా, ముందు దాన్ని పంపుదామా?’ అన్నాడు. బయట లారీ ఆగి ఉంది, చెప్పింది చెయ్యమన్నాను. ఇలాంటి చోట ఆలోచించి పనిచేసే అలవాటు ఎలా తేవాలి? మానేసి విశాఖ వచ్చేయాలనిపిస్తోంది.

- ఒక పాఠకుడు, శ్రీ విజయపురం

సలహా

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చూసింది కొట్టిపారేసేది కాదు. రెండు రుతుపవనాలూ తడిపే దీవులు మీవి, ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. ఉల్లికి గాలి ఆడాలి. చెమ్మ పట్టిన నేలకూ గోడకూ ఆనుకున్న బస్తాకు అది అందదు.

అయితే ‘అనిపించింది’ రుజువు కాదు. పేర్పించిన మనిషికి పదిమందిలో ఆ మాట తప్పు పట్టినట్టే వినబడుతుంది. ఈసారి లెక్కతో వెళ్లండి. ఓడ సరుకు దిగగానే ప్రతి బస్తా మీద సుద్దతో గుర్తు పెట్టండి: గోడవారది, నేలమీదది, మధ్యది, జెట్టీ దగ్గరే తడిసి వచ్చింది. పది రోజులు ఏది ఎంత పాడైందో రాయండి. ఆ పుస్తకం పట్టుకుని మేనేజర్ గారి దగ్గరికి ఒక్కరే వెళ్లి, ‘ఇరవై బస్తాలు చెక్క ప్యాలెట్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టి చూద్దామా సార్?’ అని అడగండి. ఆయన ఇరవై ఏళ్లలో చూసిందేమిటో కూడా అడగండి. తేమ ఓడలోనే పట్టిందని తేలితే, మీ ఊహ తప్పని మీరే అందరికీ చెప్పండి.

అనుభవం ఒక్కటే చాలదనడానికి పెద్ద ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేవడానికి ముందు కంప్యూటర్ ఆగమంది. నిపుణులు ఫర్వాలేదన్నారు. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం ముందుకెళ్లారు. రెండో దశ నియంత్రణ దెబ్బతిని రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేఖరుల ముందు ఆ వైఫల్యాన్ని ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్ తన మీద వేసుకున్నారు. శిక్ష భయం లేనిచోటే మనిషి జరిగింది జరిగినట్టు చెబుతాడు. లోపం ఎక్కడుందో వెతికి సరిచేశారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్య చేరింది. ఆ రోజు విలేఖరులతో మాట్లాడమని కలాంనే పంపారు ధవన్.

ఇక అసలు సంగతి. మీవాళ్లు ఆలోచించరన్నారు. ఆ కుర్రాడు ఆలోచించాడు కదా! పాత సరుకు ముందు వెళ్లాలన్నది గోడౌన్‌లో మొదటి పాఠం. మేనేజర్ గారు మీకు ఇచ్చిన జవాబే, లారీ తొందరలో మీరు అతనికి ఇచ్చారు. మిగతా పదిమందీ అది విన్నారు. ‘హా జీ’ అక్కడే పుడుతుంది.

వారానికి ఒక రోజు, పని మొదలయ్యే ముందు పావుగంట కూర్చోండి. ‘ఎవరు చేశారు’ అన్న మాట అక్కడ వద్దు, ‘ఎలా జరిగింది’ అని మాత్రమే అడగండి. అందరికంటే చిన్నవాడు ముందు మాట్లాడాలి, మీరు ఆఖర్న. ఎవరి ఆలోచనతో సరుకు మిగిలినా వాళ్ల పేరుతోనే మేనేజర్ గారికి చెప్పండి.

ఉద్యోగం మానడం గురించి ఆరు నెలలయ్యాక ఆలోచిద్దురుగాని. రేపు గోడౌన్ తలుపు తీయగానే ఆ కుర్రాణ్ని పిలిచి, అందరూ వినేలా, ‘మొన్న నువ్వు చెప్పిందే సరైనది, తొందరలో నేను వినలేదు’ అనండి.