బాక్టీరియా గ్రాహకములు: త్వచసంబంధమును తెలుపు మూడు క్రియలు

పూర్వపు బస్తరు ప్రాంతమున, తెలంగాణ సరిహద్దు చెంతనున్న తర్లగూడ పరిసరములలో తెలుగు వ్యవహారమున నున్నది. బడిచదువు మాత్రము ప్రధానముగా హిందీలో సాగును. కణమును కప్పు పొరకు హిందీ పాఠ్యగ్రంథములలో ‘ఝిల్లీ’ యనియు, తెలుగు గ్రంథములలో ‘త్వచము’ అనియు పేర్లు. రిసెప్టారు అచట ‘గ్రాహీ’, ఇచట ‘గ్రాహకము’. ఈ నామభేదము విద్యార్థికి త్వరలోనే అలవడును. చిక్కు క్రియాపదమునందు కలదు. గ్రాహకము త్వచమునకు ‘అంటుకొని యుండును’ అని సరిపుచ్చినచో మూడు వేర్వేరు సంబంధములు ఒకటిగా తోచును.

బయటి పదార్థమును గుర్తించి పట్టు ప్రోటీను గ్రాహకము. త్వచము నడిమిభాగము కొవ్వుతో నిండి, నీటితో పొసగనిది. కావున నీటికి దూరమగు అంశము గల ప్రోటీనే అందు నిలువగలదు.

మొదటి సంబంధము గ్రుచ్చుట. ఎషిరీషియా కోలై లోపలి త్వచమునందలి ‘టార్’ అను గ్రాహకము ఆస్పార్టేటును గుర్తించును. దాని గొలుసు కణద్రవమున మొదలై, త్వచమును దాటి వెలుపలికి పోయి, మరల లోనికి దిగును. ఇది సూదితో వేసిన కుట్టు వంటిది. దాటు ప్రతిచోట సుమారు 20 ఎమినో ఆమ్లములు గల సర్పిలము ఉండును.

రెండవది పొదుగుట. ఆ బాక్టీరియాకే గల వెలుపలి త్వచమున, ఇనుమును మోయు ఫెర్రిక్రోమును పట్టు ‘ఎఫ్‌హెచ్‌యుఎ’ కలదు. 1998లో దీని నిర్మాణము వెల్లడియైనది. 22 పట్టీలు చుట్టును కూడిన పీపా యిది. ఉంగరమున రాయివలె త్వచమున పొదుగబడినది.

మూడవది నాటుట. గ్రామ్-పాజిటివ్ బాక్టీరియాలకు వెలుపలి త్వచము లేదు. ఆహారాణువులను పట్టు వాని ప్రోటీనులు కొట్టుకొనిపోకుండ, పెక్కింటి తొలి సిస్టీనునకు కొవ్వుగొలుసులు చేరును. నారు నాటినట్లు గొలుసులు త్వచమున దిగును. ప్రోటీను పైన నిలుచును. హైదరాబాదు సీసీఎంబీలో మంజులారెడ్డి బృందము 2012లో వివరించిన ‘మెప్‌ఎస్’ కూడ ఇట్లు నాటుకొన్నదే. అయితే అది గ్రాహకము కాదు, కణకవచపు బంధములను త్రెంచు ఎంజైము. కనుక ఈ క్రియ తెలుపునది ప్రోటీను పనిని కాదు, నిలుకడను.

ఈ వివేచన కేవలము శబ్దసంబంధి కాదు. కుట్టు తెగిన గ్రాహకము వెలుపలి వార్తను లోనికి అందింపజాలదు. కొవ్వువేరు లేని ప్రోటీనో, నీటిలో కరిగియు తన పదార్థమును పట్టగలదు. ‘అంటుకొనుట’ యను మాట ఈ భేదమును మరుగుపరచును. దర్జీ, కంసాలి, రైతు ఎరిగిన మూడు క్రియలు దానిని తేటపరచును. పరిభాషానిర్మాతలు నామములతోపాటు క్రియలను గూడ నిర్ణయింపవలసి యున్నది.