తనంత తానే లేచే గ్లైడరు

ధర్మపురి కొండలపై ఎండవేళ గద్దలు రెక్కలు ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం మీరు చూసే ఉంటారు. వేడెక్కి పైకి లేచే గాలి వాటిని మోస్తుంది. గ్లైడరు కూడా అలాగే ఎగురుతుంది. దానికి ఇంజను ఉండదు. కనుక నేలనుండి లేవడానికి మరొక విమానమో, తాడును చుట్టి లాగే యంత్రమో కావాలి.

ఈ కొరతను తీర్చడానికి 1935లో ఇంగ్లండులో కార్డెన్-బేన్స్ గ్లైడరుకు 249 సి.సి. విల్లియర్స్ ఇంజను అమర్చారు. పైకి చేరాక దానిని ఆపి, గ్లైడరు లోపలికి మడిచేవారు. బయటే ఉంటే అది గాలికి అడ్డుపడుతుంది.

ఇంజనుతో బరువు పెరుగుతుంది. బరువైన గ్లైడరును బలహీనమైన గాలి మోయలేదు. అందుకే నేడు గాజునార, కార్బన్ నారలను జిగురుతో కలిపి తేలికైన, గట్టి రెక్కలు చేస్తున్నారు. 2004 వరకు ధర్మపురి జిల్లాలో, తరువాత కృష్ణగిరి జిల్లాలో ఉన్న హోసూరు దగ్గర బెలగొండపల్లిలో ఇటువంటి పదార్థంతోనే హంస-3 శిక్షణ విమానాలు తయారయ్యాయి.

మడిచిన ఇంజను మళ్ళీ పనిచేయకపోవచ్చు. కనుక తెలివైన పైలట్ దిగడానికి తగిన మైదానం అందేంత ఎత్తులో ఉండగానే దానిని బయటికి తీస్తాడు.

ప్రశ్నలు
1. ఇంజనును లోపలికి ఎందుకు మడుస్తారు?
2. గ్లైడరు తేలికగా ఎందుకు ఉండాలి?